ఆరేళ్ల కార్ల్ ఫిషర్ (కేఎఫ్) వాడకం తర్వాత: డ్రిఫ్ట్ చూడకుండా అంకెను నమ్మకండి

తేమ పరీక్షలన్నీ ఆరేళ్లుగా కార్ల్ ఫిషర్ వాల్యుమెట్రిక్ టైట్రేటర్ (నీటితో చర్య జరిపే అయోడిన్ రీఏజెంట్ ఎంత ఖర్చయిందో కొలిచి శాంపిల్‌లో నీరెంతో చెప్పే మెషిన్) మీదే చేస్తున్నాను, రోజుకు పది పదిహేను శాంపిల్స్. ముందే చెప్తున్నా, నాకు చాలా ఇష్టమైన మెథడ్ ఇది. ఓవెన్‌లో ఎండబెట్టి తగ్గిన బరువు చూస్తే నీటితో పాటు ఎగిరిపోయిన సాల్వెంట్ కూడా తేమ లెక్కలో పడిపోతుంది, కేఎఫ్‌లో ఆ గొడవ లేదు. 1935లో ఫిషర్ ప్రచురించిన రియాక్షనే ఇప్పటికీ ఆధారం, ఒక అణువు నీటికి ఒక అణువు అయోడిన్ ఖర్చవుతుంది. అప్పటి పిరిడిన్ కంపు పోయి చాలా రీఏజెంట్లలో ఇమిడజోల్ వచ్చింది, అది పెద్ద ఉపశమనం.

అసలు కష్టమంతా డ్రిఫ్ట్ దగ్గరే. టైట్రేషన్ జరిగే వెసెల్‌లోకి బయటి గాలి తేమ ఎంత దూరుతోందో నిమిషానికి మైక్రోగ్రాముల్లో చూపించే ఆ చిన్న అంకెను మొదటి ఏడాది నేను పెద్దగా పట్టించుకోలేదు. ఒకరోజు ఒకే పౌడర్‌కి 0.42, 0.48, 0.55 శాతం వచ్చాయి. శాంపిల్ తేమ పీలుస్తోందనుకుని కొత్త సీసా తెరిచాను, మళ్లీ అదే వరస. డ్రిఫ్ట్ కరెక్షన్ ఆన్‌లోనే ఉంది, కానీ మా మెషిన్ టైట్రేషన్ మొదలైనప్పటి డ్రిఫ్ట్‌నే తీసేస్తుంది, మధ్యలో పెరిగినదాన్ని కాదు. చివరికి సెప్టమ్ (వెసెల్‌కి ఉండే, సూది గుచ్చే రబ్బరు మూత) ఊడదీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే, సూది పొడిచి పొడిచి నడిమధ్యలో పడిన చిల్లు స్పష్టంగా కనిపించింది. మార్చాక 0.41, 0.42, 0.41. అప్పటి నుంచి డ్రిఫ్ట్ నిలకడగా పది లోపు ఉంటే తప్ప శాంపిల్ వేయను. పెరిగితే మొదట సెప్టమ్, తర్వాత ఓ-రింగులు, ఆపైన డ్రైయింగ్ ట్యూబ్‌లోని మాలిక్యులర్ సీవ్ (తేమ పీల్చే గుళికలు) చూస్తాను.

ఫ్యాక్టర్ (ఒక మిల్లీలీటరు రీఏజెంట్ ఎన్ని మిల్లీగ్రాముల నీటికి సరిపోతుందో చెప్పే అంకె) రోజూ చూడాల్సిందే, 5 మిల్లీగ్రాముల రీఏజెంట్ బలం వాడుతుంటే తగ్గుతూ పోతుంది. ఫ్యాక్టర్ కట్టడానికి వాడే సోడియం టార్‌ట్రేట్ డైహైడ్రేట్‌లో నీరు 15.66 శాతం, లెక్క సులువే. కానీ అది మెథనాల్‌లో నెమ్మదిగా కరుగుతుంది. అడుగున తెల్ల రేణువులు తిరుగుతుండగానే టైట్రేషన్ ముగిసిపోతే రీఏజెంట్ తక్కువ ఖర్చవుతుంది, ఫ్యాక్టర్ ఎక్కువ వస్తుంది, ఆ రోజు రిజల్టులన్నీ ఎక్కువే చూపిస్తాయి. మెత్తగా నూరి, రెండు మూడు నిమిషాలు స్టిర్ చేసి, కళ్లతో చూసి మొదలుపెట్టండి.

కీటోన్లు, ఆల్డిహైడ్లు మామూలు రీఏజెంట్‌తో చేయకండి. అవి మెథనాల్‌తో కలిసి కొత్తగా నీటిని పుట్టిస్తాయి, ఎండ్ పాయింట్ (నీరంతా అయిపోయి టైట్రేషన్ ఆగాల్సిన చోటు) వచ్చినట్టే వచ్చి జారిపోతుంటుంది. వాటికి మెథనాల్ లేని రీఏజెంట్ వేరుగా దొరుకుతుంది. విటమిన్ సి సమస్య వేరు, అది అయోడిన్‌ను తానే తినేస్తుంది కాబట్టి శాంపిల్‌ను ఓవెన్‌లో వేడిచేసి ఆవిరిని మాత్రమే వెసెల్‌లోకి పంపాలి.

నీరు పీపీఎంలలో (పది లక్షల్లో కొన్ని వంతులే) ఉండే సాల్వెంట్లకైతే ఈ మెషిన్ కొనకండి, కూలోమెట్రిక్ తీసుకోండి. అందులో అయోడిన్ కరెంటుతో అక్కడికక్కడే పుడుతుంది, 1 మిల్లీగ్రాము నీటికి 10.71 కూలోంబులు, ఫ్యాక్టర్ కట్టే పనే ఉండదు.