మెలనీషియా పాత ఫొటోలకు ముందు చూడాల్సిన చోటు: టూజిన్ ఆర్కైవ్

పసిఫిక్ మహాసముద్రంలో ఆస్ట్రేలియాకు ఈశాన్యంగా ఉన్న మెలనీషియా దీవుల పాత జీవితం ఫొటోల్లో చూడాలంటే మేం ముందుగా చెప్పేది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌డియేగో లైబ్రరీలోని టూజిన్ ఆర్కైవ్ గురించే. 1980ల మొదట్లో మానవశాస్త్రవేత్తలు డొనాల్డ్ టూజిన్, ఫిట్జ్ జాన్ పూల్ దీన్ని మొదలుపెట్టారు. ఆ దీవుల ఊళ్లలో ఏళ్లతరబడి ఉండి పనిచేసినవాళ్ల నోటు పుస్తకాలు, స్లైడ్లు ఇక్కడికి చేరాయి. స్కాన్ చేసి బయటపెట్టినవాటిని ఇంట్లోనే కూర్చుని ఉచితంగా చూడొచ్చు.

మానవశాస్త్రవేత్త రోజర్ కీసింగ్ స్లైడ్లతో మొదలుపెట్టండి. సోలమన్ దీవుల్లో మలైటా దీవి కొండల మీది క్వాయో జనం మధ్య ఆయన 1960ల నుంచి పనిచేశారు. చనిపోయినవారి పేరిట జరిగే విందు ఫొటో దొరికితే పెద్దది చేసి చూడండి. సముద్రపు గుల్లను అరగదీసి, గుచ్చిన పూసల దండలే అక్కడి సంప్రదాయ డబ్బు. వాటిని ఎవరు పట్టుకున్నారు, ఎవరు తీసుకుంటున్నారు, విందుకు తెచ్చిన పందులు ఎటు పక్కన ఉన్నాయి అన్నవి గమనించాలి. ఒక్క ఫొటోతో ఇది తేలదు. అదే రోజు తీసిన ముందు వెనక స్లైడ్లు వరసగా చూస్తేనే ఇచ్చిపుచ్చుకోవడం అర్థమవుతుంది. అందుకే విడి ఫొటో దగ్గర ఆగకుండా మొత్తం కలెక్షన్ తెరవాలి.

వెతకడంలో తరచూ దెబ్బతినేది పేర్ల దగ్గర. మెలనీషియాలోనే ఉన్న వనువాటు దేశం పేరు 1980కి ముందు న్యూ హెబ్రిడీస్. పాత శీర్షికల్లో పాత పేరే ఉండొచ్చు కాబట్టి రెండూ కొట్టి చూడాలి. దేశం పేరుకన్నా దీవి పేరు, జనం పేరు మేలు.

స్లైడ్ ఎర్రగా కనిపిస్తే ఆ ఊరి మట్టి రంగనుకోకండి. కోడక్ కంపెనీ పాత ఎక్టాక్రోమ్ ఫిల్ములో నీలి-ఆకుపచ్చ (సయాన్) రంగు ముందుగా వెలిసిపోతుంది. చీకట్లో దాచిన అదే కంపెనీ కోడాక్రోమ్ ఫిల్ము మాత్రం బాగా నిలుస్తుంది. అందుకని ఒంటి రంగులు, బట్టల రంగుల గురించి రాసేముందు ఫిల్ము ఏదో చూసుకోవాలి.

కొన్ని ఫొటోలకు ముందు హెచ్చరిక వస్తుంది. చనిపోయినవారి బొమ్మలు, బయటివాళ్లు చూడకూడని ఆచారాలు ఉంటాయని దానర్థం. అది మొక్కుబడి కాదు, ఆ కుటుంబాలవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటివి వాట్సాప్‌లో పంచుకోవద్దు. పుస్తకంలో వేయాలంటే ప్రతి ఫొటో కింద ఉన్న హక్కుల వివరం చదివి, లైబ్రరీకి రాసి అనుమతి అడగండి.