సాంబారు ఒలకని బండి: చాలా ఏళ్లుగా నా ప్రోబాక్స్

జపాన్‌లో ఉన్నవాళ్లకు టయోటా వాళ్ల సరుకుల బండి ప్రోబాక్స్‌ను పరిచయం చేయక్కర్లేదు. ఏ రోడ్డెక్కినా కాసేపటికి ఒక తెల్లది ఎదురవుతుంది. అందుకే ఇంజన్ ఎంత, పొడవెంత అనే లెక్కల జోలికి పోను. నాది 2015 మోడల్, 1.5 లీటర్ పెట్రోల్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. టోక్యోలోని నిషికసాయిలో మాకు చిన్న కిరాణా దుకాణం ఉంది. చిబా, సైతామా వైపు ఇండియన్ రెస్టారెంట్లకు బియ్యం, పప్పులు, నూనె డబ్బాలు వేస్తుంటాం. ఇన్నేళ్లుగా ఆ పనంతా ఈ బండి మీదే. నేను రాయాలనుకున్నది దాని వెనక సగం గురించి. ఆ సగమంటే నాకు ప్రాణం.

వెనక డోర్ పైకెత్తి చూడండి. అడుగంతా సమతలంగా ఉంటుంది. పక్కగోడలు నిటారుగా లేస్తాయి. చక్రాల మీద కప్పులు లోపలికి పెద్దగా పొడుచుకు రావు. బస్తాలను మూల నుంచి మూలకు పేర్చుకుంటూ వస్తే వేలు దూరేంత సందు కూడా మిగలదు. వెనక సీటు మడిస్తే దాదాపు 1.8 మీటర్ల పొడవు దొరుకుతుంది. చూడ్డానికి అందంగా ఉండాలని పైభాగాన్ని ఏటవాలుగా కోసిన కార్లలో పై వరస అట్టపెట్టెలు పట్టవు. ఇందులో అడుగున ఎన్ని పడతాయో పైనా అన్ని పడతాయి.

ఇక అసలు సంగతి ఆ అడుగు కింద ఉంది. 2002 జులైలో ప్రోబాక్స్ వచ్చేదాకా ఈ పనంతా కరోలా వ్యాన్ చేసేది. దానికి వెనక కమాను పట్టీలుండేవి, మన లారీలకు ఉన్నట్టే. బరువు మోయడంలో వాటికి సాటి లేదు గానీ కుదుపును ఉన్నదున్నట్టు సరుకుకు అందిస్తాయి. ప్రోబాక్స్‌కు ఆ పట్టీలు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టారు. సరుకుల బండికి అంత శ్రద్ధ ఎందుకు పెట్టారో మొదట్లో నాకు అర్థం కాలేదు. ఒక ఉగాది రోజు అర్థమైంది.

ఆ ఏడాది ఉగాది భోజనాలకు వంట ఫునబాషిలో తెలిసినవాళ్ల రెస్టారెంట్‌లో చేయించాం. హాలు ఎదొగావా వార్డులో. రెండు పెద్ద గుండిగల నిండా సాంబారు. వంటాయన భీమవరం వైపు మనిషి. బండిని చుట్టూ తిరిగి చూసి, "అన్నా, సగం ఇక్కడే ఉంచేయండి, ఎలాగూ దారిలో పోయేదే కదా" అన్నాడు. ఆ మాటకు నాక్కూడా టెన్షన్ పట్టుకుంది. గుండిగల మూతిమీద తడి పంచె గుడ్డ పరిచి వాసెన కట్టించాను. పైన మూత పెట్టి, చుట్టూ కదలకుండా బియ్యం బస్తాలు కుదించాను. పులిహోర టబ్బులు, పెరుగు డబ్బాలు ఆ మిగిలిన చోటులో సర్దాం. అంతా ఎక్కాక బండి వెనక రెండు మూడు వేళ్ల మేర దిగి కుదురుకుంది.

ఇచికావా దగ్గర కేసే లైన్ రైలు గేటు దాటాలి. అక్కడ పట్టాల మధ్య ఎత్తుపల్లాలకు ఒళ్లు కదలని బండిని నేను చూడలేదు. పక్కన కూర్చున్న కుర్రాడు వెనక్కి తిరిగి గుండిగల మీదే కళ్లు పెట్టాడు. ముందు చక్రాలు దాటాయి, మేమిద్దరం ఊగాం. వెనక చక్రాలు పట్టాలెక్కినప్పుడు ఎక్కడో 'ధబ్'మని చప్పుడు వస్తుందని బిగదీసుకుని కూర్చున్నాను. రాలేదు. వెనక భాగం నెమ్మదిగా ఒకసారి దిగి, ఒకసారి లేచి, అంతటితో ఆగింది. రెండోసారి ఊగలేదు. హాలు దగ్గర డోర్ ఎత్తి వాసెన విప్పితే గుడ్డ మధ్యలో రూపాయి బిళ్లంత పసుపు మరక ఒకటి ఉంది. రెండో గుండిగకు అదీ లేదు. ఆ రోజు వచ్చినవాళ్లందరికీ సాంబారు సరిపోయింది, రెండోసారి అడిగినవాళ్లకు కూడా.

అప్పటినుంచి పాలకోవా డబ్బాలైనా, గాజు సీసాల పచ్చళ్లైనా నిశ్చింతగా వేసుకుని వెళ్తున్నాను.

అయితే అదే రోజు సాయంత్రం ఖాళీ గుండిగలతో తిరిగి వస్తుంటే, అదే రైలు గేటు దగ్గర అవి ఎగిరి పడి గణగణ మోగాయి. నేను పొగిడిన ఆ మెత్తదనం బరువుంటేనే. 350 నుంచి 400 కిలోలు మోయాలని కట్టిన స్ప్రింగులు, సరుకుల బండికి వేసే గట్టి టైర్లు. ఖాళీగా ఉంటే రోడ్డు మీది ప్రతి అతుకూ నడుముకు తెలుస్తుంది. షుతో ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆ అతుకుల టకటక ఇంటికి చేరేదాకా చెవుల్లోనే ఉంటుంది. ఖాళీ రోజుల్లో కూడా నేను రెండు బస్తాలు వెనక ఉంచేస్తాను. మైలేజీ కాస్త తగ్గుతుంది, అయినా నాకు అదే హాయి.

వెనక సీటు గురించి చెప్పకపోతే అన్యాయం. ఇది నాలుగుతో మొదలయ్యే నంబర్ ప్లేట్ బండి, అంటే సరుకుల బండి. మనుషుల చోటుకన్నా సరుకు చోటే ఎక్కువ ఉండాలన్నది జపాన్ నిబంధన. అందుకే వెనక సీటు పలచగా, నిటారుగా, మోకాళ్లు ముందుకు తగిలేలా ఉంటుంది. మా ఆవిడ కమకురా దాకా ఒకసారి అందులో కూర్చుని వచ్చి, ఇంకోసారి పిలవద్దని చెప్పింది. 2013 దాకా ప్రోబాక్స్‌ను మామూలు వ్యాగన్‌గా కూడా అమ్మారు గానీ, ఇల్లాళ్లను, పిల్లలను ఊరు తిప్పడానికి నేనైతే టయోటాదే కరోలా ఫీల్డర్ లాంటి బండి చూడమంటాను.

పన్ను విషయంలో లాభమే. 1.5 లీటర్ ఇంజన్‌తో ఐదుగురు కూర్చునే సరుకుల బండికి ఏడాదికి 14,300 యెన్లు. అదే సైజు ఇంజన్ ఉన్న మామూలు కారుకైతే నా బండి వయసుకు 34,500 అయ్యేది. కాకపోతే షాకెన్, అంటే బండికి తప్పనిసరి తనిఖీ, ఏటా చేయించాలి. ఏటా ఒక రోజు దుకాణం పని ఆగుతుంది, ఖర్చు కూడా ఉంటుంది. రెండూ కలిపి చూస్తే నాకు మిగిలేది పెద్ద మొత్తమేమీ కాదు. పన్ను చూసి మాత్రమే కొనేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

2014లో బండిని బాగా మార్చారు. ముందు భాగం కొత్తది, మెట్టు మెట్టుగా మారే గేర్ల బదులు కుదుపు లేకుండా తనంతట మారే సీవీటీ, డ్యాష్‌బోర్డులోంచి లాగితే వచ్చే చిన్న బల్ల. దాని మీద బిల్లులు రాస్తాను, మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా పెట్టుకుంటాను. లీటరు పాల ప్యాకెట్ నిలబడే గూడు కూడా ఉంది. రోజంతా బండిలోనే గడిపేవాళ్లను దగ్గరుండి చూసి చేసినట్టు అనిపిస్తుంది. ఇవన్నీ బాగున్నాయి. కానీ నేను ఈ బండిని అట్టిపెట్టుకున్నది వాటి కోసం కాదు.

దీని తోబుట్టువు సక్సీడ్ 2020లో ఆగిపోయింది. ప్రోబాక్స్‌కు 2018 చివర్లో హైబ్రిడ్ వచ్చింది. మాజ్దా ఫమీలియా వ్యాన్ పేరుతో కనబడేది కూడా ఆ ఏడాది నుంచి ఇదే బండి. ఇక్కడ వాడి వదిలేసినవి కెన్యాలో ఇప్పటికీ నిండా బరువుతో పరుగెడుతున్నాయి.

మీరు రోజూ సరుకు దించేవాళ్లయితే, ముఖ్యంగా ఒలికేవి, పగిలేవి వేసుకెళ్లేవాళ్లయితే, నేను కళ్లు మూసుకుని దీన్నే తీసుకోమంటాను. ఎప్పుడో ఒకసారి సామాను, మిగతా రోజులు మనుషులు అయితే వద్దు. నా విషయానికొస్తే, హైబ్రిడ్ మీద మనసుంది గానీ అందులో నాలుగు చక్రాలకూ శక్తి అందే (4WD) రకం లేదు. చలికాలం మంచు బాగా పడే నిగాటా వైపు కూడా సరుకు వేయమని ఒకరు అడుగుతున్నారు. ఆ మాట తేలాక చూస్తాను. అందాకా ఉన్నదానికి కొత్త టైర్లు వేయించాను.