అరకు పగలు, పాడేరు రాత్రి: విశాఖ నుంచి రెండు రోజుల కారు ప్రయాణం

శనివారం బయల్దేరి ఆదివారానికి తిరిగొచ్చే అరకు ప్రయాణాన్ని చాలామంది ఒకే పద్ధతిలో వేసుకుంటారు. బొర్రా గుహలు, అరకు, రాత్రికి అక్కడే బస, మర్నాడు వెళ్లిన దారినే వెనక్కి. నడవగలిగే ఓపికున్న స్నేహితుల బృందానికి ఇంతకంటే మంచి దారి ఉంది. అరకును పగలే చూసుకుని రాత్రికి పాడేరు చేరండి. ఆదివారం వేకువన పాడేరు దగ్గరి వంజంగి కొండెక్కి, లోయలో కమ్ముకున్న మేఘాలు చూసి, వంట్లమామిడి ఘాట్ మీదుగా మాడుగుల, చోడవరం, సబ్బవరం గుండా దిగిపోండి. చుట్టు మొత్తం 300 కిలోమీటర్లకు అటూఇటూ వస్తుంది. ఆదివారం మధ్యాహ్నం నుంచి అనంతగిరి ఘాట్‌లో కట్టే బళ్ల బారు తప్పడం ఈ దారికున్న పెద్ద లాభం. శీతాకాలంలో ఆ బారులో ఇరుక్కుంటే సాయంత్రమంతా అక్కడే పోతుంది.

ఉదయం ఆరు దాటకుండా కదలాలి. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట వరకూ రోడ్డు మామూలే. టిఫిన్ అక్కడే చేసేయండి, ట్యాంకూ అక్కడే నింపించండి. అరకులోనూ పాడేరులోనూ బంకులున్నాయి గానీ కొండ మీద బంకు వెతుక్కుంటూ తిరిగే పని పెట్టుకోకూడదు. కడుపు తిప్పే అలవాటున్నవాళ్లు వాంతుల మాత్రను ఘాట్ మొదలవడానికి కనీసం అరగంట ముందే వేసుకోవాలి, మలుపుల్లోకి వెళ్లాక వేసుకుంటే నిలవదు. ఆ మాత్రలు నిద్ర తెప్పిస్తాయి కాబట్టి బండి నడిపేవాళ్లు మాత్రం వేసుకోకూడదు.

ఐదు సీట్ల చిన్న కారులో ఐదుగురు, సామానుతో ఘాట్ ఎక్కుతుంటే మలుపుల దగ్గర ఇంజిన్ గుంజుకుంటుంది. మలుపులోకి వెళ్లకముందే గేరు తగ్గించుకోవాలి. సగం తిరిగాక తగ్గించబోతే బండి ఆగిపోవడమో వెనక్కి జారడమో జరుగుతుంది. వాలులో ట్రాఫిక్ ఆగినప్పుడు సగం క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటు మానుకోండి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. మాడు వాసన వచ్చిందంటే క్లచ్ ప్లేటు కాలుతున్నట్టే. వెడల్పున్న చోట పక్కకు తీసి ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలి. ఏఎంటీ బళ్లలో (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారేవి) ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే యాక్సిలరేటర్ మీద బండిని ఆపి ఉంచినా లోపల అరిగేది అదే క్లచ్.

బొర్రా గుహలు ఉదయం పదింటికి తెరుస్తారు. తొమ్మిదిన్నరకల్లా పార్కింగ్‌లో ఉంటే మొదటి గుంపుతో లోపలికి వెళ్లొచ్చు. పదకొండు దాటితే టూరు బస్సులు వచ్చేస్తాయి, మెట్ల మీద నిలబడి చూసే వీలే ఉండదు. గంటన్నర కేటాయించండి. సున్నపురాతి పొరల గుండా గోస్తనీ నీరు దిగుతూ తొలిచిన గుహలివి. పైనుంచి ఒక్కో చుక్కా రాలినప్పుడల్లా రవ్వంత సున్నం మిగిలి, కప్పు నుంచి ఊడల్లాగా, నేల నుంచి మొనల్లాగా పెరిగింది. రంగు దీపాల వెలుగులో ఇది సరిగా కనిపించదు. ఫోన్ టార్చిని ఒక ఊడ కొసకు పట్టి చూడండి, వేలాడుతున్న నీటిబొట్టు, దాని చుట్టూ తెల్లటి అంచు స్పష్టంగా కనబడతాయి. వాటిని ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటిన చోట సున్నం మళ్లీ పేరుకోదు. మెట్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి కాబట్టి పట్టున్న బూట్లు వేసుకోండి. బయట కోతులున్నాయి, తినుబండారాల సంచి చేతిలో పట్టుకుని నడవకండి.

ఇక్కడే జీపు మాట్లాడుకుని కటికి జలపాతానికి వెళ్దామని బృందంలో ఎవరో ఒకరు అంటారు. మంచి చోటే, కానీ జీపు, నడక కలిపి దాదాపు సగం రోజు తినేస్తుంది. ఈ రెండు రోజుల్లో దానికి చోటు లేదు. గాలికొండ దగ్గర ఆగండి, దారిలో ఏదో ఒక కాఫీ తోటలో పావుగంట నడవండి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్ల మొదళ్లకు అల్లుకున్న మిరియాల తీగ, ఈ కొండల సాగు తీరు అక్కడే అర్థమవుతుంది. అక్టోబరు చివరి నుంచి దారి పొడవునా వలిసె పూలు పసుప్పచ్చగా విరగబూస్తాయి. అది గిరిజన రైతుల నూనెగింజల పంట. ఫొటోలకని మధ్యలోకి దిగితే తొక్కిన మొక్క మళ్లీ లేవదు. గట్టు మీంచే తీసుకోండి, లోపలికి వెళ్లాలంటే రైతును అడిగి, ఆయన కోరింది ఇచ్చి వెళ్లండి.

అరకులో గిరిజన మ్యూజియానికి గంట చాలు. పద్మాపురం తోట పిల్లలతో వచ్చేవాళ్లకు బాగుంటుంది, స్నేహితుల బృందం వదిలేసినా పోయేదేమీ లేదు. బొంగులో చికెన్‌ను మాత్రం భోజనానికి ముప్పావు గంట ముందే చెప్పి పెట్టండి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె వేయరు, బొంగులోని తడితోనే ఉడుకుతుంది. పొద్దున్నే కాల్చి పెట్టిన బొంగును మళ్లీ వేడి చేసి ఇస్తే ముక్క పీచుపీచుగా ఉంటుంది. కాబట్టి మీ ముందే కూరమనండి, ధర కిలోకా బొంగుకా అన్నది ముందే తేల్చుకోండి. కాఫీ పొడి కొనేటప్పుడు చికోరీ కలిసిందో లేదో అడగాలి. గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొంటే పొట్లం మీద ఆ వివరం ఉంటుంది. తేనె కూడా అక్కడే తీసుకోవడం మేలు.

మూడున్నరకు అరకు వదలాలి. పాడేరు 45 కిలోమీటర్లే అయినా గంటన్నర పడుతుంది, డిసెంబరులో ఐదున్నరకే చీకటి పడిపోతుంది. దారిలో డుంబ్రిగుడ దగ్గర చాపరాయి తగులుతుంది. బండ మీద నీళ్లు పలుచగా పారుతూ కనిపిస్తాయి గానీ నాచు పట్టిన చోట కాలు నిలవదు, గుంతలు పైకి తెలియవు. పాదాలు తడుపుకుని వచ్చేయండి, స్నానాల జోలికి వద్దు. ఈ రోడ్లలో గంజాయి తనిఖీలు మామూలు. డిక్కీ తెరవమంటే తెరవండి, దారిలో లిఫ్ట్ అడిగినవాళ్ల సంచులు ఎక్కించుకోకండి.

బస దగ్గరే అసలు తేడా. అరకులో పర్యాటక సంస్థ హరిత రిసార్టులు ఊరికి దగ్గరగా, విశాలమైన ఆవరణతో ఉంటాయి, ఆన్‌లైన్‌లో ముందుగా బుక్ చేసుకోవచ్చు. పెద్దవాళ్లుంటే నిస్సందేహంగా అక్కడే దిగి, వంజంగి మానేయండి. పాడేరులో లాడ్జిలు సాదాసీదావి, కానీ వేకువన కొండకు పదిహేను, ఇరవై నిమిషాల దూరంలో ఉంటారు. వంజంగి కింద వేసే గుడారాలు ఫొటోల్లో అందంగా ఉంటాయి. శనివారం రాత్రి అక్కడ పాటల హోరులో నిద్ర పట్టదు, మంచుకు గుడారం గుడ్డ లోపలి వైపు కూడా చెమ్మగిల్లి పక్కలు తడుస్తాయి. అయినా గుడారమే కావాలంటే డబ్బు కట్టేముందు ఎంతమందికి ఒక మరుగుదొడ్డి, పక్క కింద చాప ఉందా, బండి ఎక్కడ పెట్టాలి, ఈ మూడూ అడగండి. లాడ్జిలో వేడినీళ్లు ఏ వేళకు వస్తాయో, నాలుగింటికి గేటు తెరుస్తారో లేదో కనుక్కోండి. అందరి ఆధార్‌లూ, దోమల మందూ వెంట ఉండాలి, ఏజెన్సీలో మలేరియా భయం ఉంది.

వేకువన నాలుగున్నరకల్లా కొండ కింద ఉండాలి. ఎక్కడానికి గంట పట్టొచ్చు, దారి రాళ్లూ మట్టీ, టార్చి మనిషికొకటి కావాలి. మేఘాలు ప్రతిరోజూ దొరకవు. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి కదలకపోతే, చల్లబడిన గాలి లోయలో దిగి పొగమంచు గట్టిగా కడుతుంది, కొండ మీంచి చూస్తే అదే పాలసముద్రం. మబ్బు పట్టినా, గాలి తోలినా కట్టదు. పడుకునే ముందు ఒకసారి బయటికొచ్చి చూడండి, చుక్కలు మెరుస్తూ చెట్ల ఆకులు కదలకపోతే అలారం పెట్టుకోవచ్చు. ఎండ ఎక్కాక పొగమంచు విడిపోతుంది, ఎనిమిదిన్నర తర్వాత మిగిలేది తక్కువ. సిగ్నల్ నమ్ముకోలేం కాబట్టి ప్రవేశ రుసుముకూ టీకీ చిల్లర నోట్లు ఉంచుకోండి.

పదింటికి పాడేరులో మోదకొండమ్మ దర్శనం, టిఫిన్ ముగించుకుని దిగడం మొదలుపెట్టండి. వంట్లమామిడి ఘాట్‌ను సెకండ్ గేరులోనే దిగాలి, కొన్ని మలుపుల్లో ఫస్ట్ కూడా. బ్రేకు మీద కాలు వేసే ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గుతుంది, పెడల్ మెత్తబడుతుంది. అలా అయిందంటే ఆపి చల్లారనివ్వాలే తప్ప నీళ్లు పోయకూడదు, వేడి డిస్కు వంకరపోతుంది. ఆటోమేటిక్ బండిలో మాన్యువల్ మోడ్ పెట్టుకోండి, న్యూట్రల్‌లో ఎవరూ దిగవద్దు. ఎదురుగా ఎక్కే బండికి దారి వదలండి, ప్రతి మలుపు దగ్గరా హారన్ కొట్టండి. వేకువ నడక, నిద్రలేమి తర్వాత దిగుతున్నారు కాబట్టి ముందు రాత్రి త్వరగా పడుకున్నవాళ్ల చేతికే స్టీరింగ్ ఇవ్వండి. మాడుగుల దాటాక రోడ్డు చదునే. మధ్యలో భోజనానికి ఆగినా మూడింటికల్లా సబ్బవరం చేరిపోతారు.