ఫోమ్ పరుపు కవరు చేత్తో ఉతకాలా, మిషన్లో వెయ్యాలా? మన గోదావరి గాలికి ఏది మేలు?

ముందే నా మాట చెప్పేస్తాను. జిప్పుతో వచ్చే పలచటి కవరైతే మిషనే మేలు. లోపల దూదిలాంటి పొర పెట్టి గళ్ళు గళ్ళుగా కుట్టిన దళసరి కవరైతే చేత్తోనే, అదీ సంక్రాంతి ముందు నుంచి ఏప్రిల్ లోపల మాత్రమే. వానాకాలంలో దళసరి కవరు ఇంట్లో ఉతకడానికి విప్పడమే వద్దు. ఎలా ఉతకాలి, ఏ సబ్బు వాడాలి అని అందరూ అడుగుతారు గానీ, మనవైపు అసలు చిక్కు ఉతకడంలో లేదు, ఆరబెట్టడంలో ఉంది. అందుకే నేను ప్రతి పద్ధతినీ ఒక్క ప్రశ్నతోనే తూస్తాను: సాయంత్రం లోపు ఆరుతుందా, లేదా?

మాది పాలకొల్లు దగ్గర ఊరు. ఇంటికి ఓ పక్క కాలవ, ఓ పక్క చేలు, చేల వెనక చేపల చెరువులు. జులై నుంచి నవంబరు దాకా ఉప్పు డబ్బా మూత తీస్తే ఉప్పు ముద్దగా ఉంటుంది, అంత చెమ్మ గాలిలో. రెండేళ్ళ కిందట వినాయక చవితి ముందు ఇల్లంతా కడుగుతున్నాను కదా అని పరుపు కవరు కూడా విప్పి టబ్బులో నానబెట్టాను. "ముసురు పట్టేలా ఉందమ్మా, ఇవాళ వద్దు, దుప్పట్లతో సరిపెట్టు" అని అత్తయ్యగారు చెప్పారు, నేనే వినలేదు. మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది, మర్నాటికి ముసురు, ఇక మూడు రోజులు ఆ కవరు వరండాలో ఒకసారి, హాల్లో ఫ్యాను కింద ఒకసారి. పైకి ఆరినట్టే ఉంది, కానీ చుట్టూ అంచు కుట్టిన చోట, మూలల్లో లోపలి దూది తడి వదల్లేదు. పిల్లలు పడుకోవాలి కదా అని అలాగే తొడిగేశాను. పది రోజులకి గదిలోకి అడుగు పెడితే ముక్కిపోయిన వాసన. జిప్పు తీసి చూస్తే అంచు పొడుగునా మిరియాలు చల్లినట్టు నల్ల చుక్కలు, ఆ పక్క ఫోముకి కూడా అదే వాసన ఎక్కింది. కవరు మీది బూజు మచ్చలు చాలావరకు పోగొట్టాను గానీ ఫోము వాసన పోవడానికి నెల పట్టింది. పెద్దాయనకి ఆయాసం ఉన్న ఇల్లు మాది, ఆ నెలంతా నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు.

సరే, ఇక చెయ్యా, మిషనా అన్న దగ్గరికి వద్దాం. ముందు కవరుకి కుట్టిన చిన్న గుడ్డ చీటీ చూడండి. తొట్టి బొమ్మలో 30 అనో 40 అనో ఉంటే అంత వేడి నీళ్ళ దాకా మిషన్లో వెయ్యొచ్చని, తొట్టిలో చెయ్యి బొమ్మ ఉంటే చేత్తోనే ఉతకమని, త్రికోణం మీద అడ్డగీతలు ఉంటే బ్లీచింగ్ వద్దని, చదరంలో గుండ్రం గీసి దాని మీద అడ్డగీతలు ఉంటే డ్రయ్యర్లో ఆరబెట్టొద్దని అర్థం. ఇంకో సంగతి, కొన్ని పరుపుల జిప్పుకి పట్టుకుని లాగే నాలుక ఉండదు. అది ఊడిపోయింది కాదు, విప్పొద్దని కంపెనీవాళ్ళే తీసేస్తారు. అలాంటిదాన్ని పిన్నీసు పెట్టి లాగి విప్పితే మళ్ళీ ఎక్కించలేక అవస్థ పడతారు.

మిషన్లో ఉన్న పెద్ద లాభం ఉతుకు కాదు, పిండడం. 78 అంగుళాల పొడుగు, 60 అంగుళాల వెడల్పు ఉన్న పరుపు కవరు తడిస్తే ఇద్దరు చెరో కొస పట్టుకుని మెలితిప్పినా నీళ్ళు కారుతూనే ఉంటాయి, పైగా అలా మెలితిప్పితే అల్లిక బట్ట సాగిపోయి పరుపు మీద వదులుగా ముడతలు పడుతుంది. మిషన్ స్పిన్ మెలితిప్పకుండా నీళ్ళు లాగేస్తుంది. ముందు నుంచి తలుపు తెరిచే మిషన్లయితే సాధారణంగా నిమిషానికి 1000 చుట్లు పైనే తిరుగుతాయి, పైన మూత ఉండేవి అంతకన్నా తక్కువ తిరుగుతాయి. ఉదయం ఎనిమిదింటికి మిషన్లోంచి తీసిన పలచటి కవరు ఫిబ్రవరి ఎండలో మా మేడ మీద మధ్యాహ్న భోజనాల వేళకి ఆరిపోతుంది. అదే చేత్తో పిండిందైతే సాయంత్రం నాలుగు దాటినా అంచులు చల్లగానే ఉంటాయి.

కానీ మిషన్లో వేసేటప్పుడు జిప్పు పూర్తిగా పెట్టి, కవరు తిరగేసి వెయ్యాలి. జిప్పు తెరిచి వేస్తే దాని పళ్ళు కవరు పక్కల ఉండే వలలాంటి బట్టని పట్టి చింపుతాయి. డ్రమ్ము నిండా కుక్కొద్దు, చేత్తో పైనుంచి నొక్కితే ఇంకా చోటు మిగలాలి. కవరు ఒక్కటే వేస్తే ఒక పక్కకి ముద్దగా చేరి మిషన్ గడగడా ఊగుతుంది, రెండు తువ్వాళ్ళు తోడు వేస్తే సర్దుకుంటుంది. సర్ఫు మామూలు వాయికి వేసేదాంట్లో సగం చాలు. ఎక్కువ వేస్తే జాడింపులో పోదు, అది బట్టలోనే ఉండిపోయి జిగటగా మట్టిని పట్టుకుంటుంది.

దళసరి కవరుకి మాత్రం ఈ మిషన్ పొగడ్తలు వర్తించవు. తడిసిన బరువుకి చిన్న మిషన్ మొరాయిస్తుంది, లోపలి దూది పొర కుట్ల మధ్య ఉండలు కట్టి ఒక మూలకి చేరుతుంది. వీటిని పెద్ద టబ్బులో గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, బండకేసి బాదకుండా, అరచేతులతో అదిమి అదిమి మురికి వదిలించి, మూడు నీళ్ళు జాడించి, పిండకుండా పిట్టగోడ మీద వాలుగా పరిచి నీళ్ళు కారనివ్వాలి. ఒళ్ళు హూనమయ్యే పని, నిజమే. అందుకే ఏడాదికి ఒక్కసారి, భోగికి ముందు పెట్టుకుంటాను. అప్పుడు చుట్టాలొస్తారు, ఎండ కూడా నమ్మకంగా ఉంటుంది. మంచు పడే రోజులు కాబట్టి సాయంత్రం నాలుగున్నరకల్లా లోపలికి తెచ్చెయ్యాలి.

లాండ్రీకి ఇవ్వొచ్చు కదా అంటారు. పెద్ద మిషన్లు, డ్రయ్యర్లు ఉన్న చోటైతే దళసరి కవరుకి అది మంచి దారే, వానాకాలంలో మరీనూ. ఇచ్చేటప్పుడు చీటీ చూపించి, వేడి తక్కువ పెట్టమని నోటితో చెప్పండి. నూలు అల్లిక కవరు ఎక్కువ వేడికి కురచబడితే పరుపుకి మళ్ళీ ఎక్కదు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. నా దృష్టిలో చెయ్యా మిషనా అన్నదానికన్నా ఇదే పెద్దది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ మా ఊళ్ళు బతుకుతున్నది కాలవ నీళ్ళ మీదే. అవి మెత్తటి నీళ్ళు, సబ్బు ఇట్టే నురగ కడుతుంది, ఇట్టే పోతుంది. చిక్కల్లా జులై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్ర నీళ్ళు వచ్చినప్పుడు. ఆ నీళ్ళలో తెల్ల కవరు ముంచితే లేత ఇటుక రంగు తేలుతుంది. బిందెల్లో పట్టి, పటిక తిప్పి, ఓ రాత్రి ఉంచి పై తేట మాత్రమే వాడాలి. వేసవిలో కాలవలు కట్టేశాక బోరే గతి. నరసాపురం, సఖినేటిపల్లి, అంతర్వేది వైపు సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఉప్పు నీళ్ళలో జాడించిన బట్ట ఎండలో కరకరలాడుతూ ఆరుతుంది, చేత్తో తడిమితే భేషుగ్గా ఉంటుంది, కానీ బట్టలో మిగిలిన ఉప్పు రాత్రి గాలిలోని చెమ్మని మళ్ళీ లాగుతుంది. పరుపు మీద తొడిగాక ఒంటికి చల్లగా, తడితడిగా తగిలేది ఇందుకే. కాబట్టి ఉతుకు బోరు నీళ్ళలో అయినా, చివరి జాడింపు మాత్రం మంచి నీళ్ళలో చెయ్యండి. రెండు బకెట్లు చాలు. మిషన్లో అయితే ఉతుకు అయ్యాక కవరు తీసి, బకెట్లో ముంచి, తిరిగి స్పిన్ ఒక్కటే పెట్టుకుంటే సరిపోతుంది.

ఇనుము ఉన్న బోరు నీళ్ళతో ఇంకో ప్రమాదం. బిందె అడుగున తుప్పు రంగు పొర కడుతోందంటే మీ నీళ్ళలో ఇనుము ఉన్నట్టే. అలాంటి నీళ్ళలో తెల్లగా అవుతుందని బ్లీచింగ్ కలిపారో, కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారి కవరు నిండా పసుపుపచ్చ మచ్చలు పడతాయి. మా చెల్లెలి ఇంట్లో కొత్త కవరు ఇలాగే పోయింది.

మరకల్లో మనిళ్ళలో ముందు వచ్చేది పసుపు. పసుపు మరక మీద సబ్బు రుద్దగానే ఎర్రగా మారుతుంది, కంగారు పడకండి, సబ్బు క్షారం తగిలితే పసుపు రంగు అలా తిరుగుతుంది, జాడిస్తే మళ్ళీ పచ్చగా అవుతుంది. రెండు మూడు గంటలు ఎండలో వేస్తే మరక దానంతటదే పలచబడుతుంది. కొబ్బరి నూనె మరకకి అంట్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి పది నిమిషాలు ఉంచాలి. రక్తం మరకకి చన్నీళ్ళే, వేడి నీళ్ళు పోస్తే గడ్డకట్టి బట్టలోకి దిగిపోతుంది. పసిపిల్లల ఉచ్చ పడితే కవరు విప్పి అప్పటికప్పుడే చన్నీళ్ళతో జాడించి, ఫోము మీద పొడి గుడ్డతో అద్ది అద్ది తడి లాగి, వంటసోడా చల్లి కొన్ని గంటలాగి దులిపెయ్యండి. ఫోముని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ నీళ్ళలో ముంచొద్దు, మిషన్లో అసలే వెయ్యొద్దు. స్పాంజిలా నీళ్ళు తాగి, తడిసిన బరువుకే చిరిగిపోతుంది, లోపల ఆరనూ ఆరదు.

ఎండా, నీడా అన్న దగ్గర మా ఇంట్లో రెండు తరాల మాట పడేది. అమ్మమ్మగారి కాలంలో బూరుగు దూది పరుపులు. నెలకోసారి ఎండలో వేసి కర్రతో కొడితే దూది పొంగి పరుపు కొత్తదానిలా లేచేది. అదే అలవాటుతో ఫోము పరుపుని మే నెల ఎండలో మేడెక్కిస్తే పాడవుతుంది. ఎండకి ఫోము పసుపు తిరిగి, పైపొర పెళుసై, వేలితో రుద్దితే పొడి రాలుతుంది. కాబట్టి కవరు ఎండలో, ఫోము నీడలో. కవరు విప్పిన రోజు ఫోముని గోడకి నిలువుగా ఆన్చి, కిటికీలు తెరిచి ఫ్యాను పెడితే చాలు. రంగు కవరైతే తిరగేసి ఎండలో వెయ్యండి, రంగు వెలవదు. ఒక్క దండెం మీద మడిచి వెయ్యకుండా, రెండు దండేల మీద గుడారంలా, జిప్పు నోరు తెరిచి వేస్తే గాలి లోపలి నుంచి కూడా ఆడుతుంది, ఆరే సమయం బాగా తగ్గుతుంది. దగ్గర్లో రైసు మిల్లు ఉన్నవాళ్ళు గాలి ఎటు వీస్తోందో చూసుకోండి. ఊక బూడిద తడి బట్ట మీద పడితే నల్లగా అంటుకుంటుంది, దులిపితే ఇంకా పాకుతుంది.

ఇంత శ్రమ ఎందుకు, కవరు మీద ఇంకో ప్రొటెక్టర్ వేసుకుంటే పోలేదా అంటే, నేను అదే చెప్పబోతున్నాను. వానాకాలానికి నా జవాబు అదే. పలచటి ప్రొటెక్టర్లు రెండు కొనుక్కుని మార్చి మార్చి వాడితే అసలు కవరు ఏడాదంతా శుభ్రంగా ఉంటుంది. నీళ్ళు దిగని రకం పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇంటికి తప్పనిసరి. కానీ వేసవిలో చౌక ప్లాస్టిక్ రకం వీపుకింద చెమట పట్టిస్తుంది, దానికన్నా పైన నూలు, అడుగున పలచటి టీపీయూ పొర (నీళ్ళు దిగని, సాగే ఒక రకం ప్లాస్టిక్) ఉన్నది నయం. ఈ రకం విషయంలో మాత్రం నేను పైన చెప్పిన మిషన్ మాట తిరగబడుతుంది. నీళ్ళు దిగని గుడ్డ స్పిన్‌లో సంచిలా నీళ్ళు పట్టుకుని ఒక్కసారిగా డ్రమ్ము బరువు ఒరిగి మిషన్ దెబ్బతింటుంది. చేత్తో ఉతికి, దండెం మీద నీళ్ళు కారనివ్వడమే క్షేమం. ఇస్త్రీ వద్దు, ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు.

తుమ్ములు, ఆయాసం ఉన్నవాళ్ళకి ఒక మాట. పరుపుల్లో డస్ట్ మైట్లు అనే పురుగులుంటాయి, మిల్లీమీటర్లో మూడో వంతు కూడా ఉండవు, కంటికి ఆనవు. చెమ్మ గాలి వాటికి పండగ, అంటే మన డెల్టా వాటికి పుట్టిల్లు లాంటిది. 60 డిగ్రీల నీళ్ళకి అవి చస్తాయి. చాలా పరుపు కవర్లు అంత వేడికి తట్టుకోవు కాబట్టి దుప్పట్లు, దిండు గలీబులు వారం వారం 60 డిగ్రీల్లో వేసుకుని, కవరుని చీటీలో చెప్పిన వేడికే ఉతకండి. మామూలు నీళ్ళతో ఉతికినా అలర్జీ తెచ్చే ఆ పొడి చాలావరకు కొట్టుకుపోతుంది.

తొడిగే ముందు చేత్తో కాదు, చెంపతో చూడండి. అంచు కుట్టుని, నాలుగు మూలల్ని చెంపకి ఆనించి ఒక క్షణం ఉంచితే వేలికి తెలియని చల్లదనం చెంపకి తెలుస్తుంది. చల్లగా తగిలిందంటే ఆ రాత్రికి ఫోము మీద పాత దుప్పటి రెండు మడతలు వేసి పడుకోండి, కవరు మర్నాడు ఇంకో పూట ఎండలో వెయ్యండి.