క్రొయేషియా చర్చి రిజిస్టర్లలో పూర్వీకుల జాడ: ముందు ఊరు, తర్వాతే ఇంటిపేరు (సమీక్ష)

ఎక్కువకాలం వాడాక ముందుగా చెప్పదలచుకున్నది ఇదే. క్రొయేషియా వంశాల జాడ తీయడానికి ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర వెబ్‌సైట్‌లోని ‘క్రొయేషియా, చర్చ్ బుక్స్, 1516–1994’ అంత పనికొచ్చేది ఇంకోటి లేదు. కానీ ఒక్క ఇంటిపేరు పట్టుకుని వెళ్తే అది దాదాపు ఏమీ ఇవ్వదు. ఉచిత ఖాతా తెరిస్తే చాలు. లోపలున్నవి పాత రిజిస్టర్ల ఫొటోలు. మతం, ప్యారిష్ (మన కథోలికులు ‘విచారణ’ అనేది), రిజిస్టరు రకం, ఏ ఏళ్లవి అనే వరసలో ఒక్కోటి తెరుచుకుంటూ పోవాలి. పేరు టైపు చేస్తే దొరికేది తక్కువ, పేజీలు తిప్పి కళ్లతో చదవాల్సింది ఎక్కువ. అందుకే ప్యారిష్ తేలకుండా అందులోకి దిగితే కాలం వృథా.

ఆ ప్యారిష్ తేల్చే పని పూర్వీకులు వలస వెళ్లిన దేశంలోనే మొదలవ్వాలి. అమెరికా వెళ్లినవారైతే 1907 నుంచి ఓడ ప్రయాణికుల జాబితాల్లో పుట్టిన ఊరు, స్వదేశంలో ఉండిపోయిన దగ్గరి బంధువు పేరు రాశారు. 1906 సెప్టెంబరు తర్వాతి పౌరసత్వ దరఖాస్తుల్లో పుట్టిన తేదీ, ఊరు ఉంటాయి. 1894లో మొదలైన అమెరికా క్రొయేషియన్ల సంఘం ‘క్రొయేషియన్ ఫ్రాటర్నల్ యూనియన్’ బీమా కాగితాలు ఇంట్లో ఎక్కడైనా మిగిలి ఉంటే వదలకండి. దేశం గడిలో ‘ఆస్ట్రియా’ అనో ‘హంగరీ’ అనో ఉంటే తప్పు రాశారనుకోవద్దు. 1918 దాకా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో తీరప్రాంతాలైన డాల్మేషియా, ఇస్ట్రియా ఆస్ట్రియా భాగంలో, జాగ్రెబ్, తూర్పున స్లవోనియా హంగరీ భాగంలో ఉండేవి. ఆ ఒక్క మాటతోనే సగం దేశం వెతుకులాట తప్పుతుంది.

కాగితాల్లో ఊరు దొరక్కపోతేనే ఇంటిపేరు వైపు వెళ్లండి. హోర్వాత్, కొవాచెవిచ్, బాబిచ్ లాంటివైతే దాంతో ఏమీ తేలదు, అవి అన్నిచోట్లా ఉన్నాయి. అరుదైన ఇంటిపేరు మాత్రం ఒకటి రెండు ఊళ్ల దగ్గరే ఆగుతుంది. ఆక్టా క్రొయాటికా సైట్‌లో ఆ ఇంటిపేరువాళ్లు గత వందేళ్లలో ఎక్కువగా ఎక్కడ పుట్టారో చూపిస్తారు. అంతకన్నా నమ్మదగింది 1976లో జాగ్రెబ్‌లో అచ్చయిన ఇంటిపేర్ల నిఘంటువు. అది 1948 జనాభా లెక్కల ఆధారంగా ఊరూరా ఏ ఇంటిపేరు ఉందో చెబుతుంది, అంటే జనం పెద్ద ఎత్తున పట్నాలకు తరలకముందు లెక్క. స్లవోనియాలో, బరాన్యాలో కనబడే పేర్ల విషయంలో మాత్రం జాగ్రత్త. రెండు ప్రపంచ యుద్ధాల తర్వాతా లికా, డాల్మేషియా కుటుంబాలకు అక్కడ భూములిచ్చి స్థిరపరిచారు. పేరు అక్కడుంది కదా అని మూలం అక్కడే అనుకోకూడదు.

ఊరు తెలిశాక ఆ ఊరు ఏ ప్యారిష్ కిందిదో చూడాలి. చిన్న ఊళ్లకు సొంత ప్యారిష్ ఉండదు, కాలక్రమంలో ఒక ప్యారిష్ నుంచి ఇంకోదానికి మారిన ఊళ్లూ ఉన్నాయి. నోవో సెలో, బ్రెజోవిత్సా లాంటి పేర్లు ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉంటాయి. ఆర్కానమ్ సైట్‌లో హాబ్స్‌బర్గ్ (ఆస్ట్రియా రాజవంశం) కాలపు సైనిక సర్వే పటాలు తెరిచి, చుట్టుపక్కల ఊళ్లతో సరిపోల్చుకుంటే గందరగోళం తీరుతుంది.

ఇక చదవడం. కష్టమంతా ఇక్కడే. ఒక్క దేశానికి ఇన్ని భాషలా అనిపిస్తుంది: ఎక్కువగా లాటిన్, తీరప్రాంతంలో ఇటాలియన్, ఉత్తరాన అక్కడక్కడ జర్మన్, ఉత్తరపు కొసన ఉన్న మెజిమూర్యేలో హంగేరియన్, క్ర్క్ దీవి, ఇస్ట్రియా పాత పుస్తకాల్లో గ్లాగోలిటిక్ అనే పాత స్లావ్ లిపి, ఆర్థడాక్స్ పుస్తకాల్లో సిరిలిక్. మెజిమూర్యే 1918 దాకా నేరుగా హంగరీలోది, అక్కడ 1895 అక్టోబరు నుంచి చర్చితో సంబంధం లేని ప్రభుత్వ రిజిస్టర్లు కూడా ఉన్నాయి. హంగేరియన్ పుస్తకాల్లో, మన దగ్గరిలాగే, ఇంటిపేరు ముందొస్తుంది. అది మరిచి ఇంటిపేరునే అసలు పేరనుకుని సూచికలో ఎక్కించినవాళ్లు ఉన్నారు.

ఇంటిపేరు స్పెల్లింగ్ 19వ శతాబ్దం మధ్యదాకా రాసే చర్చి గురువు (ప్రీస్టు) చేతిలోనే. ‘కొవాచిచ్’ మొదటి అక్షరం ఉత్తరాన ‘కె’, డాల్మేషియాలో ‘సి’. మధ్యలోని ‘చ’ను ఒకరు ‘సి హెచ్’ అని, ఇంకొకరు హంగేరియన్ పద్ధతిలో ‘సి ఎస్’ అని రాశారు. డాల్మేషియా పాత రాతల్లో ‘ఎక్స్’ కనబడితే అది తరచు ‘ఝ’ లాంటి శబ్దం. అందుకే సూచికలో వెతికేటప్పుడు సందేహమున్న అక్షరం చోట ప్రశ్నార్థకం, చివర నక్షత్రం గుర్తు పెట్టండి. అసలు పేర్లూ మారతాయి: ఇవాన్ లాటిన్‌లో యోఆన్నెస్, ఇటాలియన్‌లో జోవాన్ని. యూరె అయితే గెయోర్గియుస్, జోర్జో. మాట్టెయుస్, మాట్టియాస్ రెండు వేర్వేరు పేర్లు, కలపొద్దు.

నెలల దగ్గర అందరూ పడే పొరపాటు: ‘7బెర్’ అంటే జులై కాదు, సెప్టెంబరు. అదే వరసలో ‘8బెర్’ అక్టోబరు, ‘ఎక్స్ బెర్’ డిసెంబరు. ఆర్థడాక్స్ పుస్తకాల్లో జూలియన్ క్యాలెండర్ తేదీలు, వాటికి 19వ శతాబ్దంలో 12 రోజులు, 20వ శతాబ్దంలో 13 రోజులు కలపాలి.

పని వివాహ రిజిస్టరుతో మొదలుపెట్టండి. వయసులు, తండ్రుల పేర్లు, ఇంటి నంబరు తెలుస్తాయి. వయసుకు రెండు మూడేళ్లు అటూ ఇటూ వేసుకుని బాప్తిస్మం రిజిస్టరులో చూడండి. ఇంటి నంబరు కలిస్తే మనిషి దాదాపు ఖాయం. జ్ఞాన తల్లిదండ్రుల (బాప్తిస్మంలో బిడ్డ తరఫున నిలబడేవారి) పేర్లు కూడా రాసుకోండి, ఒకే జంట అన్నదమ్ములందరికీ నిలబడి ఉంటే అది గట్టి ఆధారం. బాప్తిస్మం నమోదు దొరికింది కదా అని ఆపేయకండి, తర్వాతి పదేళ్ల మరణాలూ చూడాలి. పసిబిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టడం మామూలు. రెండు బాప్తిస్మాలు ఒకే మనిషివిగా కలిపేసిన వంశవృక్షాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి.

ఒట్టోమన్ల వైపు కాపలాకు ఏర్పాటైన పూర్వపు సైనిక సరిహద్దు ప్రాంతంలో, అంటే లికా, ఒగులిన్ వైపు, ‘జాద్రుగా’ అనే ఉమ్మడి కుటుంబాలుండేవి. ఒకే ఇంటి నంబరు కింద ఇరవై ముప్పై మంది, అందులో ముగ్గురు ఇవాన్‌లు. అక్కడ ఇంటి నంబరు చాలదు, తల్లి పేరూ కలవాలి. ఊరంతా ఒకే ఇంటిపేరైన చోట ‘వుల్గో’, ‘దెత్తో’ (‘అని పిలిచే’ అని అర్థం) అనే మాటల తర్వాత వచ్చే ఇంటి మారుపేరే అసలు ఆనవాలు. ఇస్ట్రియా కుటుంబాలకు ఇంకో మెలిక: 1927 తర్వాత ఇటలీ పాలనలో ఇంటిపేర్లను ఇటాలియన్‌లోకి మార్చారు. తాతకూ మనవడికీ పేరు కలవకపోతే ముందు ఆ ఏళ్లు చూడండి.

నన్నడిగితే అన్నిటికన్నా విలువైనది ‘స్తాతుస్ అనిమారుమ్’, ప్యారిష్‌లోని కుటుంబాల జాబితా. ఒక్కో ఇంట్లో ఎవరెవరున్నారో ఒకే పుటలో ఉంటుంది, కొన్నింట ‘అమెరికాలో’ అనే రాత కూడా. అన్ని ప్యారిష్‌లకూ లేదు. ఉంటే మాత్రం అదే ముందు చదవండి.

1946 నుంచి నమోదు ప్రభుత్వం చేతికి వెళ్లింది. ఇటీవలి పుస్తకాలు స్థానిక ‘మాతిచ్ని ఊరెద్’ (జనన మరణాల నమోదు కార్యాలయం) దగ్గర ఉంటాయి, బంధుత్వం చూపి నకలు అడగాలి. యుద్ధాల్లో పుస్తకాలు పోయిన ప్యారిష్‌లకు మేత్రాసనానికి (బిషప్ కార్యాలయానికి) పంపిన నకళ్లేమైనా మిగిలాయా అని ప్రభుత్వ ఆర్కైవ్‌లో విచారించాలి.

2020 జనవరి 1 నుంచి క్రొయేషియా, వలసవెళ్లిన వారి వారసులకు తరం పరిమితి, భాషా పరీక్ష లేకుండా పౌరసత్వం ఇస్తోంది కాబట్టి ఇప్పుడు చాలామంది వెతుకుతున్నది అందుకే. ఫ్యామిలీసెర్చ్ ఫొటో అక్కడ రుజువుగా చెల్లదు. ఫొటోలో దొరికిన పుస్తకం పేరు, సంవత్సరం, పుట, వరస సంఖ్య రాసుకుని, అవి చూపి ఆర్కైవ్ నుంచో రిజిస్ట్రారు నుంచో ధ్రువీకరించిన నకలు తీసుకోవాలి. విదేశీ కాగితాల్లో ఇంటిపేరు వేరేగా ఉంటే, ఇద్దరూ ఒకరే అని చూపే మధ్య కాగితం, పౌరసత్వ దరఖాస్తో వివాహ పత్రమో, దరఖాస్తుకు ముందే సిద్ధం చేసుకోండి.