తీగ వెండా, కెంపు వెండా?

మొదటి వెండి స్పెసిమెన్ (సేకరణలో దాచుకునే ఖనిజపు ముక్క) కొనేవాళ్లకి ఎప్పుడూ ఇదే తికమక. నార్వేలోని కాంగ్స్‌బర్గ్ గనుల్లో (1623–1958) దొరికిన సహజ వెండి తీగ కొనాలా, చిలీలోని చన్యార్‌సియో గనుల ప్రౌస్టైట్ (‘కెంపు వెండి’ అనే ఎర్రటి వెండి ఖనిజం) కొనాలా?

ధర: రెండూ ఖరీదే. బంగారుకొట్టు తూకం లెక్క ఇక్కడ పనికిరాదు. తీగకి పొడవు, మెలిక చూస్తారు, కింద తెల్లటి కాల్సైట్ రాయి ఉంటే ఇంకా మంచిది. ప్రౌస్టైట్‌కి ఎరుపు, స్ఫటికం అంచులు.

జాగ్రత్త: తీగ గాలిలోని గంధకానికి నల్లబడుతుంది, మన ఇంట్లో కాలి పట్టీల్లాగే. అలాగని చింతపండు పెట్టి తోమారో, స్పెసిమెన్ విలువ పోయినట్టే. ప్రౌస్టైట్‌కి శత్రువు వెలుతురు. కిటికీ పక్కన పెడితే ఆ కెంపు రంగు కాస్తా మసిబారుతుంది. మూత ఉన్న పెట్టెలో, చీకట్లో ఉంచాలి. అందులో ఆర్సెనిక్ ఉంది, పిల్లలకి అందనివ్వకండి. రెండూ మెత్తనివే, పడేస్తే అంతే సంగతులు.

మోసం: తీగలోనే ఎక్కువ. అకాంథైట్‌ని (వెండి, గంధకం కలిసిన ఖనిజం) వేడిచేస్తే దాని మీద నిజంగానే వెండి తీగలు మొలుస్తాయి! నాకూ ఒకసారి అలాంటిది సహజమైనదని చెప్పి అంటగట్టారు. లెన్సు పెట్టి చూస్తే తీగలన్నీ నిన్ననే పుట్టినట్టు తళతళలాడుతున్నాయి. ఎక్కడ దొరికిందో చెప్పే పాత లేబుల్ లేకుండా కొనకండి.

అద్దాల బీరువాలో పెట్టి వచ్చినవాళ్లకి చూపించుకోవాలంటే తీగ. డ్రాయర్ తెరిచి ఒక్క నిమిషం చూసుకుని మూసేసే రకమైతే ప్రౌస్టైట్. నేను ఈ రెండో రకం.