గిటార్ గదికి ఏ హ్యూమిడిఫైయర్ మేలు?

నవంబర్ వచ్చి ఇళ్లలో హీటర్లు మొదలయ్యాయంటే చాలు, షికాగో చుట్టుపక్కల గిటార్ ఉన్న మనవాళ్ల నుంచి నాకు ఒకటే ప్రశ్న. "అన్నా, ఏ హ్యూమిడిఫైయర్ (గదిలో తేమ పెంచే మెషీన్) కొనమంటావ్? మంచులా పొగ చిమ్మేదా, ఫ్యానూ ఫిల్టరూ ఉండేదా?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఈసారి రాసేస్తున్నాను.

ఉన్నది ఒక్క గిటారే అయి, వాయించాక కేసులో పెట్టేసే అలవాటుంటే మీకు మెషీన్ అక్కర్లేదు. కేసులో వేసుకునే తేమ ప్యాకెట్లు చాలు, అవి గట్టిపడ్డాక మార్చుకుంటే సరిపోతుంది. ఈ పోలిక గిటార్‌ని గోడకు తగిలించుకునేవాళ్ల కోసం, దాంతో పాటు వయొలినో వీణో ఉన్న ఇళ్ల కోసం.

బయట మైనస్ 10 డిగ్రీల చలిలో ఘనపు మీటరు గాలి పట్టగలిగే నీటి ఆవిరి 2 గ్రాములకు కాస్త పైన, అంతే. అదే గాలి ఇంట్లోకొచ్చి 21 డిగ్రీలకు వేడెక్కితే 18 గ్రాముల దాకా పట్టగలదు. ఉన్న 2 గ్రాములతో తేమ 12, 13 శాతానికి పడిపోతుంది. వంట, స్నానాల వల్ల ఇంట్లో ఇంకాస్త ఎక్కువే ఉంటుందనుకోండి. కానీ గిటార్‌కి కావలసింది 45 నుంచి 55 శాతం. నా మొదటి చలికాలంలో ఇవేమీ తెలియవు. జనవరిలో ఒకరోజు మెడ అంచు వెంబడి బొటనవేలు జరిపితే ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్ముల) కొసలు రంపం పళ్లలా గుచ్చుకున్నాయి. చెక్క కుంచించుకుపోయి లోహం బయటికి పొడుచుకొచ్చిందన్నమాట. టార్చి వేసి చూస్తే తీగలు బిగించే బ్రిడ్జ్ కింద, గిటార్ ముందు పలక మీద వెంట్రుకంత గీత. ఆ పగులును అతికించారు గానీ, ఇప్పటికీ నా చూపు ముందు అక్కడికే పోతుంది.

ఆ మర్నాడే అల్ట్రాసోనిక్ మెషీన్, అంటే మంచులా పొగ చిమ్మే రకం కొన్నాను. తక్కువ ధర, చప్పుడు లేదు, పొగ కనిపిస్తుంది కాబట్టి పని జరుగుతోందన్న ధైర్యం. వారం తిరక్కముందే నల్లటి కేసు మీద, గిటార్ తల (హెడ్‌స్టాక్) మీద విభూది రాసినట్టు తెల్లటి పొడి పేరుకుంది. ఈ మెషీన్ నీటిని ఆవిరి చేయదు, సన్నటి తుంపరగా చిమ్ముతుంది. అందుకే నీళ్లలోని సున్నం, ట్యాంకు పాచిపడితే ఆ క్రిములు, అన్నీ గాల్లోకి వస్తాయి. దీనికి మందు డిస్టిల్డ్ వాటర్. తలుపు మూసి ఉంచిన మామూలు గదికే రోజుకు రెండు మూడు లీటర్లు కావాలి. ఐదు నెలల పాటు క్యాన్లు మోయడం, వాటి ఖర్చు, మీరే లెక్క వేసుకోండి.

పొడి సంగతి అలా ఉంచినా, నా దృష్టిలో అసలు తేడా మరొకటుంది. మనం మర్చిపోయినప్పుడు మెషీన్ ఏం చేస్తుంది? అల్ట్రాసోనిక్ అయితే ట్యాంకులో నీళ్లున్నంత సేపూ చిమ్ముతూనే ఉంటుంది. సెన్సార్ ఉన్నా అది తుంపర పక్కనే ఉండటంతో, గదిలో గిటార్ దగ్గరున్న తేమ ఒకటి, అది చూపించే అంకె ఒకటి. ఒక రాత్రి ఆపకుండా పడుకున్నాను. తెల్లారేసరికి కిటికీ అద్దాల మీద నీళ్లు కారుతున్నాయి, తేమను కొలిచే హైగ్రోమీటర్ 70 శాతం దాటింది. ఎండిన చెక్కకు అంత తడి ఒక్కసారిగా తగలడం మంచిది కాదు.

ఫ్యాను, ఫిల్టరు ఉండే రకం పని తీరు హైదరాబాద్ ఎండాకాలంలో మనం వాడే కూలర్ లాంటిదే. తడిసిన ఫిల్టర్ మీదుగా గాలి వీస్తుంది, నీరు ఆవిరవుతుంది, సున్నం ఫిల్టర్‌కే పట్టి అక్కడే ఉండిపోతుంది. గదిలో తేమ పెరిగే కొద్దీ ఆరడం దానంతటదే నెమ్మదిస్తుంది. వాన రోజు బట్టలు ఆరనట్టే. కాబట్టి మర్చిపోయినా గది ముంచెత్తినట్టు తడిసిపోయే ప్రమాదం చాలా తక్కువ. ఫ్యాను చప్పుడు ఉంటుంది, రికార్డింగ్ చేసేటప్పుడు ఆపుకోవాల్సిందే. గాలి కాస్త చల్లబడుతుంది. ఫిల్టర్ ఖర్చు కూడా ఉంది, నాకు సీజన్‌కి రెండు పడతాయి. ఇవన్నీ తెలిసే మూడేళ్లుగా నేను దీనితోనే ఉన్నాను.

నీళ్లు మరగబెట్టే రకం శుభ్రమైనదే. కానీ లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 0.7 యూనిట్ల కరెంటు కాలుతుంది, పైగా పిల్లలున్న ఇంట్లో మరిగే నీళ్లంటే టెన్షన్. ఇల్లంతా వేడి చేసే ఫర్నేస్‌కి బిగించేది సొంత ఇల్లున్నవాళ్ల మాట.

ఏది కొన్నా హైగ్రోమీటర్ విడిగా కొనండి, మెషీన్ మీది అంకెను నమ్మకండి. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేలా నాలుగు చుక్కల నీళ్లు కలిపి, హైగ్రోమీటర్‌తో పాటు జిప్ బ్యాగులో మూసి రాత్రంతా ఉంచండి. పొద్దున 75 చూపించాలి. 70 చూపిస్తే ఎప్పుడూ 5 కలుపుకుని చదవండి. దాన్ని గిటార్ల పక్కన పెట్టండి, మెషీన్‌ని ఐదారడుగుల దూరంలో.

రోజూ పాత నీళ్లు పారబోసి కొత్తవి పోయాలి. వారానికోసారి ట్యాంకు, అడుగు పళ్లెం వెనిగర్‌తో నానబెట్టి రుద్దాలి. ఫిల్టర్ అప్పడంలా బిరుసెక్కితే ఇక నీళ్లు పీల్చదు, మార్చేయండి. బయట మైనస్ 20 ఉన్న రోజుల్లో గదిలో 50 కోసం పట్టుబట్టొద్దు, కిటికీ అంచులు బూజు పడతాయి. 40 దగ్గర ఆపి, ఆ నాలుగు రోజులూ గిటార్లను ప్యాకెట్లతో కేసుల్లో పెట్టేయండి.

విశాఖ, కాకినాడ నుంచి అడిగేవాళ్లకు: మీ ఊళ్లలో దాదాపు ఏడాది పొడవునా బెడద తేమ ఎక్కువవడమే, కాబట్టి ఈ డబ్బు తేమ తగ్గించే డీహ్యూమిడిఫైయర్ మీద పెట్టండి. హైదరాబాద్ వాళ్లకు ఏప్రిల్, మే మధ్యాహ్నాలు తప్ప తేమ పెంచాల్సిన అవసరం పెద్దగా రాదు. ఆ రెండు నెలలూ కేసు, ప్యాకెట్లు చాలు. కూలర్ ఎదురుగా మాత్రం గిటార్ పెట్టకండి.